కొత్త పట్నం – కొద్ది డబ్బు
(కాశీబుగ్గను చూసి రాసిన పాఠం)

 

పదవ తరగతి అయిపోయాక మనలో చాలామందిమి ఇంటర్‌కో, పాలిటెక్నిక్‌కో, ఐ.టి.ఐ.కో కొండ దిగి వెళ్లవలసినవాళ్లమే. టెక్కలి కావచ్చు, పలాస కావచ్చు, శ్రీకాకుళం, విశాఖపట్నం కావచ్చు. మార్కులొచ్చి, సీటు కూడా వచ్చి, మొదటి నెలలోనే పెట్టె సర్దుకుని ఇంటికి వచ్చేసిన అన్నయ్యలు, అక్కలు మన ఊళ్లలో ఉన్నారు. వాళ్లను అడిగి చూడండి. చదువు కష్టమని ఎక్కువమంది అనరు. "అక్కడ ఏటీ తెలీదురా. ఎవల్ని అడగాలో తెలీదు. తెచ్చుకున్న డబ్బులు ఎలగ అయిపోనాయో కూడా తెలీదు" అంటారు. అంటే పట్నంలో మెలగడం కూడా నేర్చుకోవలసిన ఒక పాఠమే. మన పుస్తకాల్లో ఆ పాఠం లేదు కాబట్టి నాకు తెలిసినంత ఇక్కడ రాస్తున్నాను.

సంక్రాంతి సెలవులు మొదలైన రెండో రోజున మా అక్కా, నేనూ కాశీబుగ్గ వెళ్లి పొద్దుట నుంచి సాయంత్రం దాకా తిరిగి వచ్చాం. ఇద్దరికీ కలిపి నాన్న ఇచ్చినది 150 రూపాయలు. దాంతోనే చూశాం. కాశీబుగ్గ, పలాస జంట ఊళ్లు. రెండింటికీ కలిపి ఒకటే మున్సిపాలిటీ. రైలు స్టేషను బోర్డు మీద పలాస అని ఉంటుంది, బస్సులో కండక్టరు కాశీబుగ్గ అని అరుస్తాడు. ఇది తెలియక కొత్తవాళ్లు రెండు వేరు వేరు చోట్లనుకుంటారు.

1. వెళ్లకముందు చేయవలసినవి

మొదటిది అనుమతి. ఈ పాఠం చదివి హాస్టలు గోడ దూకమని నా ఉద్దేశం కాదు (వార్డెన్ గారు గమనించగలరు). సెలవుల్లో, ఇంట్లో చెప్పి, పెద్దవాళ్లు ఎవరైనా తోడుండగా వెళ్లాలి.

రెండవది ప్రశ్న. ఊరికే "పట్నం చూసొస్తాం" అని వెళితే దుకాణాల ముందు నిలబడి వచ్చేస్తాం. చేతిలో డబ్బు లేనప్పుడు దుకాణం చూస్తే దిగులు తప్ప ఏమీ రాదు. అందుకని ఇంటి దగ్గరే ఒక ప్రశ్న నోటు పుస్తకంలో రాసుకుని వెళ్లాలి. మా ప్రశ్న ఏమిటంటే – "మన కొండ మీద ఏరిన జీడి పిక్కలు సంతలో అమ్మేశాక ఎక్కడికి పోతాయి? ఏమవుతాయి?"

మూడవది సామాను. నీళ్ల సీసా, నోటు పుస్తకం, పెన్ను, ఆధార్ కార్డు, ఒక గుడ్డ సంచి. ఇంటి దగ్గర అమ్మ చేసిన చోడి అంబలి ఒక సీసాలో పోసుకున్నాం. మధ్యాహ్నం అదే మా భోజనం. ప్రభుత్వం వారి అన్న క్యాంటీన్ ఉన్న పట్నానికి వెళితే పూట భోజనం 5 రూపాయలకే దొరుకుతుంది. అది ఎక్కడుందో ముందుగా కనుక్కోండి.

2. డబ్బును విడదీయడం

ఇది అన్నిటికన్నా ముఖ్యం. ఉన్న డబ్బును మూడు ముడులుగా కట్టాలి.

మొదటి ముడి – తిరిగి ఇంటికి వచ్చే ఛార్జీ. దీన్ని పొద్దుటే వేరు చేసి, ఆకలేసినా, ఆశేసినా ముట్టకూడదు. మా అక్క దీన్ని చున్నీ కొంగున కట్టేసింది.
రెండవ ముడి – తిండి, టీ, వెళ్లేటప్పటి ఛార్జీ.
మూడవ ముడి – మన ప్రశ్నకు జవాబు కోసం అయ్యే ఖర్చు. ఇది చిన్నదైనా వేరుగా ఉండాలి.

బస్సు ఛార్జీ విషయంలో ఒక సంగతి. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో స్త్రీ శక్తి పథకం కింద ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి ఆర్టీసీ బస్సులలో ఛార్జీ లేదు. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపిస్తే కండక్టరు సున్నా టికెట్ కొట్టి ఇస్తాడు. ఆ టికెట్ తప్పకుండా తీసుకోవాలి. అందువల్ల అక్కకు ఏమీ కాలేదు. నాకు పోను 25, రాను 25. ఇంతకు ముందు "ఛార్జీలకు డబ్బులేవీ?" అని ఆడపిల్లలను కాలేజీ మాన్పించేవారు. ఇప్పుడు ఆ మాట చెప్పడానికి లేదు. మన హాస్టలు ఆడపిల్లలు ఈ సంగతి ఇంట్లో కూడా చెప్పాలి.

3. దారి తప్పకుండా ఉండడం

అడవిలో మనకు దారి ఎవరూ చెప్పరు. కొండను బట్టి, గెడ్డను బట్టి, ఎండను బట్టి తెలుసుకుంటాం. పట్నంలోనూ అంతే.

మబ్బు లేని రోజు కాశీబుగ్గలో నిలబడి చూస్తే మన మహేంద్రగిరి కనిపిస్తుంది. ఎత్తు 1501 మీటర్లు. అది ఇంచుమించు ఉత్తరం. దానికి ఎదురుగా నిలబడితే కుడిచేతి వైపు ఉద్దానం, దాని వెనక సముద్రం. ఉద్యానవనం అనే మాట నుంచే ఉద్దానం అనే పేరు వచ్చిందంటారు. కొబ్బరి, జీడి, పనస తోటలు చూస్తే నిజమే అనిపిస్తుంది. ఎడమచేతి వైపు పర్లాకిమిడి. వీపు వెనక నౌపడా, టెక్కలి. రైలు పట్టాలు ఇచ్ఛాపురం వైపు నుంచి నౌపడా వైపుకు ఊరి గుండా పోతాయి. కొండ, పట్టాలు, సముద్రం – ఈ మూడూ ఎటున్నాయో దిగిన వెంటనే నోటు పుస్తకంలో గీసుకుంటే ఆటో ఎక్కవలసిన పని చాలా తగ్గుతుంది. మేము ఆ రోజు ఒక్క ఆటో కూడా ఎక్కలేదు. కొండ ఎక్కి దిగే కాళ్లకు కాశీబుగ్గ ఏపాటి?

మన మహేంద్రగిరి కనపడని విశాఖపట్నం లాంటి పెద్ద ఊళ్లో అయితే మొదటి రోజున బస్సు కాంప్లెక్సును గుర్తుగా పెట్టుకోవాలి. ఎటు వెళ్లినా అక్కడి నుంచి వెళ్లి మళ్లీ అక్కడికే రావాలి. రెండు మూడు రోజులకు కొత్త గుర్తులు వాటంతట అవే వస్తాయి.

4. రైలు స్టేషను – పది రూపాయల బడి

ప్లాట్‌ఫారం టికెట్ 10 రూపాయలు. రెండు గంటలు లోపల ఉండవచ్చు. టికెట్ లేకుండా లోపలికి వెళ్లకూడదు, జరిమానా వేస్తారు.

పలాస స్టేషను హౌరా – చెన్నై ప్రధాన మార్గంలో ఉంది. కలకత్తా నుంచి మద్రాసు పోయే బళ్లు మన కొండల పక్క నుంచే పోతున్నాయి. స్టేషనులో నేర్చుకోదగ్గవి మూడు రాసుకున్నాను.

(అ) ఊరి పేరు రాసిన పసుపుపచ్చ బోర్డు. దాని మీద సముద్ర మట్టానికి ఎన్ని మీటర్ల ఎత్తులో ఉందో కూడా రాసి ఉంటుంది. సాంఘిక శాస్త్రంలో బట్టీ పట్టిన సముద్ర మట్టం అనే మాట అక్కడ ఇనుప స్తంభాల మధ్య కనిపించింది. మహేంద్రగిరి ఎత్తులోంచి ఆ అంకె తీసివేసి చూడండి. అంకె నేను చెప్పను. వెళ్లినవాళ్లు రాసుకు రండి.

(ఆ) బళ్ల వేళల పట్టిక. అందులో 24 గంటల లెక్క ఉంటుంది. 17.40 అంటే సాయంత్రం 5.40. రాత్రి 00.15 అంటే తేదీ మారిపోయినట్టే. కౌన్సెలింగుకో, పరీక్షకో రైలెక్కవలసినవాళ్లు ఈ తేదీ లెక్క తప్పితే ఒక రోజు పోయినట్టే.

(ఇ) స్టేషన్ల వరస. ఇటు పూండి, నౌపడా. అటు సుమ్మాదేవి, మందస రోడ్డు, బారువ, సోంపేట. నౌపడా నుంచి పర్లాకిమిడికి అక్కడి రాజావారు వేయించిన చిన్న రైలు దారి 1900 సంవత్సరంలో మొదలైంది, తర్వాత గుణుపురం దాకా వెళ్లింది. ఇప్పుడు అది పెద్ద లైను అయింది. మన సవర ఊళ్ల పక్క నుంచి పోయే లైను అది.

5. మా ప్రశ్నకు జవాబు – జీడి పిక్క ప్రయాణం

పలాస – కాశీబుగ్గ అంటే జీడిపప్పు. వందల సంఖ్యలో చిన్నా పెద్దా పరిశ్రమలున్నాయి. అక్క స్నేహితురాలి వాళ్లమ్మ ఒక చిన్న ఫ్యాక్టరీలో పప్పు పొట్టు తీసే పని చేస్తుంది. ఆమె యజమానిని అడిగి మమ్మల్ని గంటసేపు లోపలికి రానిచ్చింది. "ఏటి బాబూ, ఇక్కడ సూడ్డానికి ఏటుంది?" అని నవ్వింది గాని, అన్నీ తనే చూపించింది.

పిక్కలను ముందు ఆవిరి మీద ఉడికిస్తారు, లేదా కాలుస్తారు. అప్పుడు పెంకు పెళుసవుతుంది. తర్వాత ఒక్కొక్క పిక్కనూ కోసి లోపలి పప్పు తీస్తారు. పెంకులో ఉండే జీడి నూనె చర్మానికి తగిలితే కాలి పుండు పడుతుంది. అందుకే చేతులకు ఆముదమో, బూడిదో రాసుకుంటారు. "రాసుకోపోతే తోలు ఊడిపోద్ది" అని ఆమె తన వేళ్లు చూపించింది. గోళ్ల చుట్టూ నల్లగా ఉంది. తర్వాత పప్పును వేడి గదిలో ఆరబెట్టి, పైన ఉన్న ఎర్ర పొట్టు తీస్తారు. ఆఖరున ఏరుతారు. గుండు వేరు, బద్ద వేరు, ముక్క వేరు, నూక వేరు. గుండులో మళ్లీ అంకెలు ఉన్నాయి. 320 రకం అంటే ఒక పౌను, అంటే 454 గ్రాములకు 300 నుంచి 320 గింజలు తూగుతాయి. 210 రకం అంటే 200 నుంచి 210. అంకె తగ్గేకొద్దీ గింజ పెద్దది, ధర ఎక్కువ.

ఇక్కడ నాకు ఒక సందేహం వచ్చింది. జనవరిలో మన కొండ మీద జీడి చెట్లకు పూత వస్తుంది గాని పిక్క రాదు కదా, మరి ఇక్కడ బస్తాలు ఎక్కడివి? అడిగాను. పోయిన వేసవిలో కొని దాచినవి కొన్ని, మిగిలినవి ఓడ మీద వచ్చినవి అని చెప్పారు. ఐవరీ కోస్ట్, టాంజానియా లాంటి ఆఫ్రికా దేశాల నుంచి జీడి పిక్కలు విశాఖపట్నం రేవుకు వచ్చి, అక్కడి నుంచి లారీలలో ఇక్కడికి వస్తాయి. అసలు జీడి చెట్టే మన దేశానిది కాదు. బ్రెజిల్ నుంచి పోర్చుగీసువారు 16వ శతాబ్దంలో తెచ్చారు. మన చెట్టు అనుకున్నది అంత దూరం నుంచి వచ్చిందన్నమాట. కాబట్టి మన సంతలో పిక్క ధర మన పంటను బట్టే ఉండదు. ఓడలో ఎంత వచ్చిందో దాన్ని బట్టి కూడా ఉంటుంది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను ఈ తీరాన్నే దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. మా ఊరిలోనూ పెద్ద చెట్లు పోయాయి. జీడి మొక్క నాటితే సరైన కాపు రావడానికి కొన్నేళ్లు పడుతుంది. ఆ మధ్య కాలంలో కూడా పరిశ్రమలకు పిక్కలు కావాలి కదా. ఓడల సరుకు ఎందుకు అవసరమో అప్పుడు అర్థమైంది.

ఇప్పుడు లెక్క. ఇక్కడ పిక్కల బస్తా అంటే 80 కిలోలు. అందులోంచి వచ్చే పప్పు 20 నుంచి 22 కిలోలు. అంటే సుమారు నాలుగు కిలోల పిక్కలకు ఒక కిలో పప్పు. మిగతాదంతా పెంకు, పొట్టు. పెంకు నుంచి నూనె తీసి రంగుల తయారీకి వాడతారు. అందువల్ల కిలో పప్పు ధర చూసి "మన పిక్కకు అంత ఇవ్వలేదే" అని కోప్పడితే లెక్క తప్పు. పప్పు ధరను ముందు నాలుగుతో భాగించాలి. వచ్చినదాంట్లోంచి ఉడకబెట్టినవాళ్లకు, కోసినవాళ్లకు, పొట్టు తీసినవాళ్లకు కూలి, కట్టెలు, కరెంటు, లారీ తీసెయ్యాలి. ఇంకా మిగిలినదాంట్లో మనకు సంతలో ఎంత ఇచ్చారో చూడాలి. అప్పుడు గాని ఎవరికి ఎంత పోయిందో తెలియదు. సంతలో మనల్ని ఎవరైనా తక్కువ చేస్తున్నారా లేదా అన్నది ఈ లెక్క వచ్చినవాడికే తెలుస్తుంది.

ఇంకో ముఖ్య విషయం. కొనేవాళ్లు కిలోకు ఎన్ని పిక్కలు తూగుతాయో లెక్కపెడతారు. కొన్ని పిక్కలు కోసి లోపల పప్పు మంచిదా, పుచ్చిందా చూస్తారు. పచ్చిగా ఉంటే ధర తగ్గిస్తారు. మనవాళ్లు ఏరిన రోజే అమ్మేస్తారు. రెండు మూడు రోజులు ఎండలో ఆరబెట్టి, చెవి దగ్గర ఊపితే లోపల గలగలమనే దాకా ఉంచితే మంచిది. ఇంటికి వచ్చి నాన్నకు ఈ లెక్క నోటు పుస్తకంలో చూపించాను. "ఇన్నేళ్లూ కుంచంతో కొలిచి ఇచ్చేసినాం, కిలో ఎంతో అడగలేదు" అన్నాడు. వచ్చే వేసవికి మా వీధిలో నాలుగు ఇళ్లవాళ్లు కలిసి పిక్కలు ఆరబెట్టి, తూకం వేసి, కాశీబుగ్గ ధర కనుక్కున్నాకే అమ్మాలని అనుకున్నారు.

మూడవ ముడి లోంచి 10 రూపాయలు పెట్టి జీడిపప్పు నూక కొన్నాం. గుప్పెడు కూడా రాలేదు. ఏటా బస్తాడు పిక్కలు అమ్మే ఇంటి పిల్లలం, కొనుక్కుని తినడం అదే మొదటిసారి.

6. అడగడం ఎలా?

పట్నంలో డబ్బు లేనివాడికి నోరే డబ్బు. కాని మనకు నోరు రాదు. ఎందుకంటే మన తెలుగు విని నవ్వుతారని భయం. ఒక దుకాణంలో నేను మాట్లాడితే ఒకరు నవ్వారు కూడా. నవ్వినా దారి చెప్పారు. మనకు కావలసింది దారి.

గిడుగు వేంకట రామమూర్తి పంతులు గారు మన జిల్లావారే. 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. ఆయన పుట్టినరోజునే తెలుగు భాషా దినోత్సవం చేస్తున్నాం. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర భాష నేర్చుకున్నారు. సవర పిల్లల కోసం పుస్తకాలు రాశారు, సొంత డబ్బుతో బడులు పెట్టారు, సవర భాషకు నిఘంటువు, వ్యాకరణం తయారు చేశారు. జనం మాట్లాడే తెలుగుకే గౌరవం ఉండాలని పోరాడినదీ ఆయనే. అంత పండితుడు మన మాట నేర్చుకోవడానికి సిగ్గుపడలేదు. మనం వచ్చీరాని తెలుగులో బస్సు ఎక్కడాగుతుందని అడగడానికి సిగ్గెందుకు?

అడిగేటప్పుడు పాటించవలసినవి: ఒక్కసారి ఒక్క ప్రశ్నే అడగాలి. అవసరమైన దారి ఇద్దరిని అడిగి సరిపోల్చుకోవాలి. కండక్టరు, పోలీసు, దుకాణంవాళ్లు, ఆడవాళ్లు – వీళ్లను అడగడం మేలు. పెద్దవాళ్లను "తాతా, మామ్మా" అని పిలిస్తే ఎక్కువ చెబుతారు. టీ బడ్డీ దగ్గర ఒక తాతను "ఈ ఊళ్లో పెద్ద విశేషం ఏటి తాతా?" అని అక్క అడిగింది. 1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ మహాసభ జరిగిందనీ, ఆ తర్వాత కొద్ది రోజులకే ఏప్రిల్ 1న మందస జమీందారీలో రైతుల మీద పోలీసులు కాల్పులు జరిపితే వీర గున్నమ్మ చనిపోయిందనీ చెప్పాడు. ఆ టీకి 10 రూపాయలు. ఇద్దరం చెరి సగం తాగాం.

బస్సులో మా పక్కన ఉద్దానం మామ్మ ఒకామె ఆసుపత్రి కాగితాలు పట్టుకుని కూర్చుంది. ఉద్దానంలో కిడ్నీ జబ్బు చాలా ఏళ్లుగా ఉంది. దానికి అసలు కారణం ఏమిటో శాస్త్రజ్ఞులు ఇంకా తేల్చలేదు. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. పట్నానికి అందరూ సరదాగా రారు. ఎవరెందుకు వచ్చారో చూస్తే పట్నం ఎందుకుందో తెలుస్తుంది. మనలో డాక్టరు కావాలనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

7. జాగ్రత్తలు

జనం తోసుకునే చోటికి వెళ్లవద్దు. 2025 నవంబరు 1న, కార్తీక ఏకాదశి నాడు, కాశీబుగ్గలోని వేంకటేశ్వరస్వామి గుడిలో తొక్కిసలాట జరిగి తొమ్మిది మంది చనిపోయారు. గుడైనా, సినిమా అయినా, బస్సు అయినా జనం ఎక్కువైతే పక్కకు జరిగి ఆగడమే మంచిది. దేవుడు రేపూ ఉంటాడు.

ఎవరైనా పని ఇప్పిస్తాం, ఊరికే తీసుకెళతాం అంటే వెళ్లకూడదు. ఆపద వస్తే 112, పిల్లలకైతే 1098. ఈ రెండు నంబర్లకూ ఏ ఫోను నుంచైనా చేయవచ్చు, డబ్బు ఖర్చు లేదు. హాస్టలు నంబరు కూడా కాగితం మీద రాసి జేబులో ఉంచుకోవాలి.

చీకటి పడకముందే తిరుగు బస్సు ఎక్కాలి. చివరి బస్సు ఎన్ని గంటలకో పొద్దుట దిగినప్పుడే అడిగి రాసుకోవాలి.

8. మా ఖర్చు

బస్సు (నాకు రానూ పోనూ) – 50 రూ.
బస్సు (అక్కకు) – 0
ఇడ్లీ రెండు ప్లేట్లు – 50 రూ.
ప్లాట్‌ఫారం టికెట్లు రెండు – 20 రూ.
టీ – 10 రూ.
జీడిపప్పు నూక – 10 రూ.
మొత్తం – 140 రూ.
మిగులు – 10 రూ. (నాన్నకు తిరిగి ఇచ్చాం)

9. అభ్యాసం

(1) 80 కిలోల బస్తాకు 21 కిలోల పప్పు వస్తే, ఒక కిలో పప్పుకు ఎన్ని కిలోల పిక్కలు కావాలి?
(2) మీ ఇంటి నుంచి సంతకు వెళ్లే సరుకు ఏది? చింతపండా, పసుపా, కొండచీపుర్లా, పైనాపిలా? అది ఏ పట్నానికి పోతుంది? అక్కడ దాన్ని ఏం చేస్తారు?
(3) 100 రూపాయలతో మీరు టెక్కలి వెళ్లాలి. మూడు ముడులు ఎలా కడతారు? లెక్క వేసి చూపండి.
(4) 21.05 గంటలకు వచ్చే రైలు మన లెక్కలో ఎన్ని గంటలకు వచ్చినట్టు?

రెండో ప్రశ్నకు జవాబు ఇంట్లో అమ్మానాన్నలను అడిగి, రాసి, వచ్చే సంచికకు ఇవ్వండి. అందరివీ కలిపి ఒక పటం గీసి ఈ గోడ మీదే పెడదాం. పదో తరగతి వాళ్లం వెళ్లిపోయే లోపల అది పూర్తి కావాలి.

ఇట్లు,
పదవ తరగతి విద్యార్థి